టీఎంటీ రిపోర్టులో ఒక్క మాటే చదవకండి



ఒకరోజు రాత్రి ఎనిమిదిన్నరకి, క్లినిక్ తలుపులు వేసే వేళకి భార్యాభర్తలు ఇద్దరు వచ్చారు. ఆయనకి 48 ఏళ్ళు. రైసుమిల్లులో గుమాస్తా. చేతిలో గొట్టంలా చుట్టిన కాగితాలు ఉన్నాయి. ఆవిడ కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయాయి. కుర్చీలో కూర్చోకుండానే ఆయన అన్నారు: "డాక్టరు గారూ, నాకు టీఎంటీ పాజిటివ్ వచ్చిందండి. తెల్లారగట్ల హైదరాబాదు వెళ్ళడానికి కారు మాట్లాడేశాం. స్టెంట్లు ఎన్ని పడతాయో చెబితే డబ్బు సర్దుకుంటామండి."

కాగితాలు విప్పి చూశాను. టీఎంటీ అంటే ట్రెడ్‌మిల్ టెస్ట్, కదిలే పట్టీ మీద నడిపిస్తూ ఈసీజీ తీసే పరీక్ష. ఆయన ట్రెడ్‌మిల్ మీద పది నిమిషాలు నడిచారు. ఛాతీలో నొప్పి రాలేదు. చివర్లో ఈసీజీలో చిన్న మార్పు కనిపించింది. అంతే.

అదే వారంలో ఇంకొకాయన వచ్చారు. 57 ఏళ్ళు. కిరాణా కొట్టు నడుపుతారు. ఆయన ట్రెడ్‌మిల్ మీద నాలుగు నిమిషాలే నడిచారు. ఛాతీ పట్టేసినట్టయి, ఇక నా వల్ల కాదని ఆపించేశారు. రిపోర్టు కింద అదే మాట ఉంది. పాజిటివ్. ఆయన మాత్రం తేలిగ్గా తీసుకున్నారు. "ముందురోజు పెళ్ళి భోజనం చేశానండి, గ్యాసు పట్టేసింది. సంక్రాంతి వెళ్ళాక చూద్దాం లెండి" అన్నారు.

చూశారా! ఇద్దరి రిపోర్టుల్లోనూ మాట ఒకటే. అంత భయం అక్కర్లేని ఆయన వణికిపోయారు. వెంటనే కదలాల్సిన ఆయన పండగ దాకా ఆగుదామన్నారు. ఈ రెండు పొరపాట్లూ రిపోర్టు చివర ఉన్న ఒక్క మాట చదవడం వల్ల వచ్చాయి. ఆ మాట పైన ఏముందో చదవడం గురించే ఈరోజు మీతో మాట్లాడతాను.

ఈ పాజిటివ్, నెగటివ్ అనే మాటల్ని మనకి బాగా అలవాటు చేసింది కరోనా. ముక్కులో పుల్ల పెట్టి తీశారు, పాజిటివ్ అన్నారు, అంటే జబ్బు ఉన్నట్టే. నెగటివ్ అన్నారు, ఊపిరి పీల్చుకున్నాం. టీఎంటీని కూడా జనం అలాగే చదువుతున్నారు. టీఎంటీ అలాంటి పరీక్ష కాదు. అది గుండె రక్తనాళాల్ని నేరుగా చూడదు. గుండెకి పని పెట్టి, ఆ పనికి అది ఎలా స్పందించిందో చూస్తుంది. నాళంలో అడ్డు ఉందా లేదా అన్నది ఆ స్పందన నుంచి మేము చేసే అంచనా. అంచనా అన్న మాట గుర్తుంచుకోండి. మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

అసలు నడిపించి ఎందుకు చూడాలి? పడుకోబెట్టి తీసిన ఈసీజీ సరిపోదా? చాలామంది అడుగుతారు. దీనికి మా గోదావరి డెల్టాలో అందరికీ తెలిసిన సంగతి ఒకటి చెబుతాను. ధవళేశ్వరం దగ్గర కాలువలకి నీళ్ళు వదులుతారు. కాలువలో పూడిక పేరుకుపోయింది అనుకోండి. మామూలు రోజుల్లో ఎవరికీ తెలియదు. అడిగేవాళ్ళు తక్కువ కాబట్టి శివారు చేను దాకా నీరు అందుతూనే ఉంటుంది. నాట్లు మొదలయ్యాక చూడండి. అన్ని చేలూ ఒక్కసారే నీళ్ళు అడుగుతాయి. అప్పుడు శివారు రైతు కేక వేస్తాడు. పూడిక ముందునుంచీ ఉంది. గిరాకీ పెరిగాకే అది బయటపడింది.

గుండెదీ ఇదే కథ. గుండె కండరానికి రక్తం తెచ్చే నాళంలో కొవ్వు పేరుకుని 70 శాతం దాకా సన్నబడినా, మనిషి కూర్చుని ఉంటే రక్తం సరిపోతుంది. ఈసీజీ చక్కగా వస్తుంది. పరిగెత్తేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు గుండెకి రక్తం మూడు నాలుగు రెట్లు కావాలి. సన్నబడిన నాళం అంత ఇవ్వలేదు. అప్పుడు శివారు చేనులా, ఆ నాళం చివర ఉన్న కండరం కేక వేస్తుంది. ఆ కేక కొందరికి ఛాతీలో బరువుగా తెలుస్తుంది. కొందరికి ఈసీజీ గీతలో మాత్రమే కనిపిస్తుంది.

అందుకే నడిపిస్తారు. మన ఆసుపత్రుల్లో ఎక్కువగా వాడే పద్ధతికి బ్రూస్ ప్రోటోకాల్ అని పేరు. అమెరికాలో సియాటిల్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ బ్రూస్ అనే గుండె వైద్యుడు 1960ల్లో దీన్ని తీర్చిదిద్దారు. ప్రతి మూడు నిమిషాలకి పట్టీ వేగం పెరుగుతుంది, వాలు కూడా పెరుగుతుంది. మొదటి మూడు నిమిషాలు గుడి చుట్టూ ప్రదక్షిణం చేసినంత నెమ్మదిగానే ఉంటుంది, కాకపోతే ఎత్తు ఎక్కుతున్నట్టు ఉంటుంది. ఆరు నిమిషాలు దాటేసరికి గట్టిగా నడవాలి. తొమ్మిది దాటితే చాలామంది పరుగు అందుకోవాల్సిందే. ఒంటికి అతికించిన తీగలు ఈసీజీ తీస్తూనే ఉంటాయి. చేతికి కట్టిన పట్టీతో బీపీ చూస్తూనే ఉంటారు. పక్కన డాక్టరు ఉంటారు. ఈ పరీక్షలో ప్రమాదం జరగడం చాలా అరుదు.

ఇక రిపోర్టు విప్పుదాం. నేనైతే అన్నిటికంటే ముందు మనిషి ఎంతసేపు నడిచాడో చూస్తాను. ఈసీజీ గీతల దగ్గరికి తర్వాత వెళతాను. ఎంతసేపు నడిచారు? ఇది మొదటి ప్రశ్న.

నడిచిన నిమిషాల పక్కనే ఇంకో సంఖ్య ఉంటుంది. దాన్ని మెట్స్ అంటారు. తెలుగులో మెట్లు అనుకోండి, తప్పేం లేదు, బాగా గుర్తుంటుంది కూడా. ఊరికే కూర్చున్నప్పుడు ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తి ఒక మెట్. ఇంట్లో రెండంతస్తులు ఆగకుండా ఎక్కడానికి సుమారు నాలుగు కావాలి. ట్రెడ్‌మిల్ మీద తొమ్మిది నిమిషాలు పూర్తి చేసినవాళ్ళు దగ్గర దగ్గర పది మెట్ల శక్తి చూపించినట్టు. పది దాటితే గుండె సత్తా బాగున్నట్టే. అయిదు కూడా దాటలేకపోతే ఎందుకో ఆలోచించాలి. మీ రిపోర్టులో మెట్స్ ఎదురుగా ఎంత వేశారో ఇంటికెళ్ళి వెతకండి. నా మటుకు నాకు ఆ కాగితంలో అన్నిటికంటే విలువైన సంఖ్య అదే.

ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, దానికి ఆధారం ఉంది. అమెరికాలో ట్రెడ్‌మిల్ పరీక్షకి వచ్చిన ఆరు వేలమందికి పైగా మగవాళ్ళని ఏళ్ళ తరబడి గమనించి, 2002లో ఫలితాలు ప్రచురించారు. ఎవరు ఎక్కువ కాలం బతుకుతారో చెప్పడంలో మిగతా ఏ లెక్క కన్నా, నడవగలిగిన శక్తే బలంగా నిలిచింది. ఒక్కో మెట్ పెరిగేకొద్దీ బతికే అవకాశం 12 శాతం మెరుగైంది. సంతోషించాల్సిన సంగతి ఏమిటంటే, ఈ శక్తి రోజూ నడిస్తే పెరుగుతుంది.

తిరుపతి వెళ్ళి అలిపిరి నుంచి కొండెక్కినవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. మూడున్నర వేల మెట్లు. చివర్లో మోకాళ్ళ మిట్ట. పోయినేడు ఆగకుండా ఎక్కిన మనిషి, ఈ ఏడు గాలి గోపురం రాకుండానే ఛాతీ పట్టుకుని నాలుగుసార్లు కూర్చున్నాడంటే, ఆయన గుండె ఏదో చెబుతోంది. ఆ మాట ఏ యంత్రం చెప్పినదానికీ తీసిపోదు. డాక్టరు దగ్గర అది తప్పకుండా చెప్పండి.

రెండో ప్రశ్న. ఎందుకు ఆపారు? కాళ్ళు లాగి ఆపడం వేరు. గుండె వేగం అనుకున్నంత చేరిందని ఆపడం వేరు. ఛాతీలో బరువు వచ్చి ఆపడం వేరు. బీపీ పడిపోయి ఆపడం మరీ వేరు. నడిచేకొద్దీ పై బీపీ పెరగాలి. పెరగాల్సింది పోయి, నడక మొదలెట్టక ముందు ఉన్నదాని కన్నా తగ్గిందంటే, ఒత్తిడికి గుండె చేతులెత్తేస్తోందని అనుమానించాలి. అలాంటి రిపోర్టు చేతిలో పెట్టుకుని వారం రోజులు ఆగకూడదు.

మూడో ప్రశ్న ఈసీజీ గీత గురించి. రిపోర్టులో ఎస్‌టీ డిప్రెషన్ అని రాస్తారు. డిప్రెషన్ అనగానే మనసుకి సంబంధించినది అనుకోకండి. ఈసీజీ గీతలో ఒక చిన్న ముక్కకి ఎస్‌టీ అని పేరు. అది సమంగా ఉండాలి. రక్తం చాలనప్పుడు కిందికి దిగుతుంది. గీసిన కాగితం మీద ఒక చిన్న గడి అంత, అంటే ఒక మిల్లీమీటరు, దిగి అడ్డంగా సాగితే పాజిటివ్ అంటారు. ఒక్క గడి దిగినా పాజిటివే, మూడు గడులు దిగినా పాజిటివే. రెండో నిమిషంలో దిగినా, పదో నిమిషంలో దిగినా మాట ఒకటే. అందుకే ఆ ఒక్క మాట చాలదని మొత్తుకుంటున్నాను.

ఎంతసేపు నడిచారు, నొప్పి వచ్చిందా, గీత ఎంత దిగింది. ఈ మూడిటినీ కలిపి ఒక లెక్క కడతారు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వైద్యులు తయారుచేసింది కాబట్టి డ్యూక్ స్కోరు అంటారు. నెమ్మదిగా చెబుతాను, వినండి. నడిచిన నిమిషాలు తీసుకోండి. గీత ఒక్కో మిల్లీమీటరు దిగినందుకు అయిదేసి తీసెయ్యండి. నొప్పి వచ్చినా నడక సాగిస్తే ఇంకో నాలుగు, నొప్పి వల్లే ఆపాల్సి వస్తే ఎనిమిది తీసెయ్యండి.

రైసుమిల్లు గుమాస్తాగారు పది నిమిషాలు నడిచారు. గీత ఒక మిల్లీమీటరు దిగింది. పదిలో అయిదు పోతే అయిదు. నొప్పి లేదు. అయిదు, ఆపైన వస్తే ముప్పు తక్కువ. కిరాణా కొట్టాయన నాలుగు నిమిషాలు నడిచారు. గీత రెండు మిల్లీమీటర్లు దిగింది. పది పోవాలి. నొప్పి వల్ల ఆపారు. ఇంకో ఎనిమిది పోవాలి. మైనస్ 14కి పడిపోయింది. మైనస్ 11, అంతకన్నా కిందికి వెళితే ముప్పు ఎక్కువ. ఈ రెండు అంకెలకి మధ్యలో ఉన్నవాళ్ళది మధ్యరకం ముప్పు. ఒకే మాట వెనక ఎంత దూరం ఉందో చూడండి. మీ రిపోర్టులో ఈ స్కోరు వేయకపోతే, వేసి చెప్పమని డాక్టరుని అడగండి. అడగడంలో తప్పు లేదు.

ఇందాక అంచనా అన్నాను కదా, దాని దగ్గరికి వద్దాం. మృగశిర కార్తెలో పడమటి దిక్కున నల్ల మబ్బు లేస్తే, రైతు నారుమడి సంగతి చూసుకుంటాడు. వాన వస్తుందని నమ్ముతాడు. అదే మబ్బు మాఘమాసంలో లేస్తే అంతగా నమ్మడు. మబ్బు ఒకటే, రోజులు వేరు. టీఎంటీ పాజిటివ్ కూడా అలాంటిదే. 60 ఏళ్ళు, షుగరు ఉంది, పొగ తాగుతారు, నడిస్తే ఛాతీ పట్టేస్తుంది. అలాంటి మనిషికి పాజిటివ్ వస్తే అది మృగశిర మబ్బు. నమ్మాలి. 32 ఏళ్ళ అమ్మాయి, ఏ బాధా లేదు, ఆఫీసువాళ్ళు చేయించిన హెల్త్ చెకప్‌లో పాజిటివ్ వచ్చింది. అది చాలాసార్లు వాన లేని మబ్బే.

ముఖ్యంగా ఆడవాళ్ళలో, నాళాలు శుభ్రంగా ఉన్నా ఈసీజీ గీత దిగడం ఎక్కువ. రక్తహీనత ఉన్నా, బీపీ వల్ల గుండె గోడ మందమైనా, కొన్ని మందులు వాడుతున్నా గీత మోసం చేయవచ్చు. అందుకనే ఏ లక్షణమూ లేని, ముప్పు తక్కువ ఉన్న ఆరోగ్యవంతులకి ఊరికే ఈ పరీక్ష చేయించవద్దని అమెరికా నిపుణుల బృందం 2018లో స్పష్టంగా చెప్పింది. ప్యాకేజీలో ఉంది కదా అని చేయించుకుని, ఆ తర్వాత నెలల తరబడి నిద్ర పోగొట్టుకున్నవాళ్ళని నేను ఎంతోమందిని చూశాను. నాకు బాధ కలిగించే సంగతి ఇది. ఆడవాళ్ళ విషయంలో ఇంకొక మాట కూడా చెప్పాలి. వాళ్ళకి పాజిటివ్ వస్తే ఊరికే వచ్చిందిలే అని తోసెయ్యకూడదు. ఆయాసం, దవడ లాగడం, విపరీతమైన నిస్సత్తువ ఉన్నాయంటే, ఇంకో పరీక్షతో తేల్చాలి.

మరి నెగటివ్ వస్తే? సంతోషమే. బాగా నడిచి, గుండె వేగం చేరాల్సినంత చేరి నెగటివ్ వస్తే, దగ్గరి కాలంలో ముప్పు తక్కువని ధైర్యంగా చెప్పవచ్చు. కానీ అది జీవితకాలం గ్యారంటీ కాగితం కాదు. మళ్ళీ కాలువ దగ్గరికే వెళదాం. టీఎంటీ పట్టుకునేది నీళ్ళకి బాగా అడ్డం పడిన పూడికని. కాలువ గట్టు మీద ఒక చిన్న మట్టిపెళ్ళ ఉంది. అది నీళ్ళకి అడ్డం రావడం లేదు. నాట్లప్పుడు కూడా శివారుకి నీరు అందింది. కానీ ఒకరోజు ఆ పెళ్ళ విరిగి తూములో పడింది. అంతే, నీళ్ళు ఆగిపోయాయి. గుండెపోటు చాలాసార్లు ఇలాగే వస్తుంది. నాళాన్ని 30, 40 శాతం మాత్రమే సన్నబరిచిన కొవ్వుగడ్డ పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టి నాళం మూసుకుపోతుంది. దాన్ని టీఎంటీ ముందుగా చూడలేదు. కాబట్టి నెగటివ్ వచ్చిందని బీపీ మాత్రలు మానెయ్యకండి. సిగరెట్టు మళ్ళీ ముట్టించకండి. ఆరు నెలల కిందట నెగటివ్ వచ్చింది కదా అని ఈరోజు వచ్చిన ఛాతీ నొప్పిని కొట్టిపారెయ్యకండి. పాత రిపోర్టు కొత్త నొప్పికి జవాబు చెప్పదు.

మూడో రకం రిపోర్టు కూడా ఉంది. ఇన్‌కన్‌క్లూజివ్ అని రాస్తారు. అంటే తేలలేదు అని. పరీక్షలో గుండె వేగం ఎంత చేరాలో ముందు లెక్క కడదాం. 220లోంచి మీ వయసు తీసెయ్యండి. 50 ఏళ్ళయితే 170. అందులో 85 శాతం, అంటే నిమిషానికి సుమారు 145 సార్లు గుండె కొట్టుకోవాలి. మోకాళ్ళ నొప్పుల వల్లో, గుండె వేగాన్ని తగ్గించే మాత్రల వల్లో అంతదాకా వెళ్ళకపోతే పరీక్ష పూర్తయినట్టు కాదు. తేలలేదంటే బాగుందని అర్థం కాదు. దీన్ని చాలామంది నెగటివ్ అనుకుని బీరువాలో పెట్టేస్తారు. దయచేసి అలా చేయకండి. నడవలేనివాళ్ళకి మందు ఇచ్చి గుండె వేగం పెంచి చేసే పరీక్షలు ఉన్నాయి. అలాగే, పరీక్షకి ముందు ఏ మాత్ర ఆపాలో డాక్టరే చెప్పాలి, మనంతట మనం ఆపకూడదు.

షుగరు ఉన్నవాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. చాలాకాలంగా షుగరు ఉంటే నొప్పి తెలిపే నరాలు మొద్దుబారతాయి. గుండె కేక వేసినా మీకు వినిపించకపోవచ్చు. నొప్పి లేదు కదా అని ధీమాగా ఉండకండి. ఆయాసాన్ని నొప్పి కింద లెక్కపెట్టుకోండి.

పాజిటివ్ వచ్చాక స్టెంట్ వెయ్యాల్సిందేనా? నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. జవాబు, అందరికీ అక్కర్లేదు. దీన్ని తేల్చడానికి పెద్ద పరిశోధన జరిగింది. దాని పేరు ఇస్కీమియా ట్రయల్. మన దేశంతో సహా 37 దేశాల్లో అయిదు వేలమందికి పైగా పాల్గొన్నారు. నిలకడగా ఉంటూ, ఒత్తిడి పరీక్షలో గణనీయమైన తేడా వచ్చినవాళ్ళని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి మందులతో పాటు స్టెంటో బైపాసో ముందే చేశారు. రెండో జట్టుకి మంచి మందులు ఇచ్చి, అవసరమైతేనే చేశారు. 2020లో ఫలితాలు ప్రచురించారు. మరణాల్లో రెండు జట్లకీ తేడా రాలేదు. అయితే తరచూ ఛాతీ నొప్పితో బాధపడేవాళ్ళకి స్టెంట్, బైపాస్ వల్ల ఉపశమనం బాగా దొరికింది. ఒక సంగతి మరవకండి. గుండె ఎడమవైపు ప్రధాన నాళంలోనే పెద్ద అడ్డు ఉన్నవాళ్ళనీ, గుండెపోటు అప్పుడే వచ్చినవాళ్ళనీ ఈ పరిశోధనలో చేర్చలేదు. వాళ్ళ దారి వేరు.

అందుకని ఆ రాత్రి రైసుమిల్లు గుమాస్తాగారి కారు మాన్పించాను. ఆవిడ నమ్మలేదు. "అన్నయ్యగారూ, మా ధైర్యం కోసం అంటున్నారా?" అని అడిగారు. కాదమ్మా అని లెక్క మొత్తం కాగితం మీద వేసి చూపించాను. తర్వాత రక్తనాళాల్ని నేరుగా చూసే సీటీ యాంజియో పరీక్ష చేయిస్తే వాటిలో కొంచెం కొవ్వు కనిపించింది. అడ్డు పడేంత లేదు. కొలెస్ట్రాల్ మాత్ర, బీపీ మాత్ర, రోజూ గంట నడక. పొగాకు మానేశారు.

కిరాణా కొట్టాయన్ని సంక్రాంతి దాకా ఆగనివ్వలేదు. వాళ్ళబ్బాయిని పిలిపించి, ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. రెండో రోజున యాంజియోగ్రాం చేశారు. ఎడమవైపు ప్రధాన నాళంలోనే పెద్ద అడ్డు ఉంది. బైపాస్ ఆపరేషన్ జరిగింది. పండక్కి ఆయన ఇంట్లోనే ఉన్నారు.

సెలవు తీసుకునే ముందు ఒక విన్నపం. ఛాతీలో బరువు, నొప్పి కూర్చున్నా తగ్గకుండా పదిహేను నిమిషాలు దాటి ఉంటే, చెమటలు పడుతుంటే, ఎడమ చెయ్యి గానీ దవడ గానీ లాగుతుంటే, అది టీఎంటీ చేయించుకునే సమయం కాదు. సోడా తాగి చూసే సమయం అసలే కాదు. బండి తోలుకుంటూ ఒంటరిగా బయల్దేరకండి. 108కి ఫోన్ చేయండి. ఈసీజీ తీసే ఆసుపత్రికి వెంటనే వెళ్ళండి.